నిదానం గదిలో మా ఆయన

మా ఊళ్ళో రొయ్యలు పెంచేవాళ్ళే గానీ తినేవాళ్ళు తక్కువ. చెరువు పట్టిన రోజున ఇంటికని ఓ కూరకి కూడా తీయరు. కౌంటు, అంటే కిలోకి తూగే రొయ్యల లెక్క, బాగా పడిందంటే ఆ రోజు ఇంట్లో వంకాయ కూరే. సరుకంతా ఐసులో పడుకుని, వ్యానెక్కి, ఓడెక్కి, మేమెన్నడూ చూడనివాళ్ళ కంచాల్లోకి పోతుంది. వాళ్ళెవరో మాకు తెలియదు, మేమెవరో వాళ్ళకు తెలియదు. ఈ సంబంధం ఏదో ఒకరోజు తెగుతుంది, తెగేరోజుకి సిద్ధంగా ఉండండని ఊరంతటికీ చెప్పడం నా ఉద్యోగం.

నా పేరు ధనకుమారి. కొల్లేటి పక్కన అరవై కుటుంబాల చిన్న రైతులు పెట్టుకున్న సంఘంలో కార్యకర్తని. రోజూ పొద్దున్నే సంఘం మైకులో రొయ్యల ధరలు చదువుతాను. ధరలు చదివినంతసేపూ ఊరు ఊపిరి బిగబట్టి వినేది. చెరువులన్నీ ఒకేసారి పట్టకండి, కొంత సరుకు ఏలూరు మార్కెట్టుకి కూడా అలవాటు చేయండి అని జాగ్రత్తలు మొదలుపెట్టేసరికి చెరువులకి గాలి కొట్టే ఏరేటర్ల చప్పుడు తప్ప వినేవాడుండేవాడు కాదు.

"ఓడలాగిపోవడమేంటమ్మా, సముద్రం ఎండిపోద్దా?" అనేవారు సంఘం ప్రెసిడెంటు విస్సంరాజు గారు. అందరూ నవ్వేవారు. మా ఆయన ఏడుకొండలు అందరికన్నా గట్టిగా నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం, "నువ్వు చెప్పేది నిజమేనే. కానీ నలుగురిలో పెళ్ళాన్ని సమర్థిస్తే చులకనైపోతాను గదా" అనేవాడు. మా పెళ్ళయి అప్పటికి మూడేళ్ళు. ఇంట్లో మేమిద్దరం, మా అత్తయ్య.

ఆ రోజుల్లోనే డాక్టర్ కరుణ మా ఊరొచ్చింది. పరిశోధన కేంద్రంలో పనిచేసే మనిషి, సన్నగా, ఎప్పుడూ నిద్ర చాలనట్టుండేది. చిన్న రైతుకి కోల్డ్ స్టోరేజి దొరకదు, దొరికినా కరెంటు బిల్లు కట్టలేడు, అందుకని తనొక గది కట్టానంది. చల్లబరిచే గది కాదు. అందులో కాలమే నెమ్మదిగా నడుస్తుందంది. మేం మొహమొహాలు చూసుకున్నాం.

ఆవిడ ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ఒక చిన్న పెట్టె తెచ్చి, అందులో వెలిగించిన అగరొత్తి గుచ్చి, మూత బిగించి, సంఘం ఆఫీసు బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. అద్దంలోంచి చూస్తే పొగ మెలిక తిరిగి అలాగే నిలబడి ఉంది. మర్నాడూ అదే మెలిక. వారం తర్వాత కూడా అగరొత్తి గోరంత కాలలేదు. చెరువు పనులు మానుకుని మరీ జనం వచ్చి చూశారు.

"మా బావమరిదిని ఇందులో పెట్టచ్చాండి? నెలకోసారి అప్పుకొస్తున్నాడు" అన్నాడొకాయన.

పెట్టచ్చు గానీ పెట్టకండంది కరుణ. బయట ఏడాది గడిస్తే లోపల పది సెకన్లు గడుస్తాయట. పట్టిన రొయ్య పట్టినట్టే ఉంటుంది. ఓడలాగిపోయినా, మళ్ళీ తిరిగే రోజుదాకా ఎన్నేళ్ళయినా ఆగచ్చు. చిక్కల్లా ఒకటే. గది ఒక్కసారే పనిచేస్తుంది. తెరిస్తే లోపలి తీగచుట్టలు కాలిపోతాయి, ఇక అది మామూలు గోదామే. రెండో గది కట్టడానికి కేంద్రం దగ్గర డబ్బు లేదు.

మా ఊళ్ళో నిలబెట్టిన పెద్ద గదికి అద్దం పెట్టించింది నేనే. కంటికి కనపడని సరుకుని మా వాళ్ళు నమ్మరు. లోపలి వెలుతురు బయటికి రావడం మహా కష్టమని, దాన్ని పోగుచేసి చూపించే మందపాటి అద్దం కోసం కరుణ ఆర్నెల్లు తంటాలు పడింది. బొమ్మ మసగ్గా, ఎర్రగా కనిపిస్తుంది. లోపలినుంచి చూస్తే మాత్రం అద్దం వట్టి నల్లగోడ.

ఆ ఏడే సముద్రంలో గొడవలొచ్చి దారి మూతపడింది. ఓడలాగిపోయాయి. సరిగ్గా మా చెరువులు పట్టుబడికొచ్చిన సమయం. కంపెనీ వ్యాన్లు రావడం మానేశాయి. ఇదివరకు నవ్వినవాళ్ళంతా నా గుమ్మం ముందు నిలబడ్డారు. విస్సంరాజు గారు కండువాతో మొహం తుడుచుకుంటూ, "అమ్మా, ఆ నిదానం గది సంగతేంటో చూడు" అన్నారు. ఎగతాళికి పుట్టిన పేరే దానికి ఖాయమైపోయింది.

రెండు రోజులు అరవై కుటుంబాలూ చెరువులు పట్టి, క్రేట్లలో ఐసు పోసి, గదికి చేర్చాయి. ప్రతి క్రేటుకీ కరుణ మనుషులు నంబరు కాగితం అతికించారు. అయితే కాగితాలు నమ్మడం మా వైపు లేదు. ఐసు నీళ్ళకి ఊడిపోతాయి, ఊడితే సరుకు ఎవరిదో తేలదు. అందుకని పట్టుబడి రోజున ఎవరింటి పాత చీర వాళ్ళు పేలికలు చింపి క్రేటుకి కట్టుకుంటారు. గోదాములో చీకట్లోనైనా ఇంటావిడ చీర రంగు పట్టి సరుకు గుర్తుపడతారు. మా క్రేట్లు ఆఖర్న వెళ్ళాయి. హడావుడిలో మోసినవాళ్ళు వాటికి పేలిక కట్టడం మర్చిపోయారు.

తలుపు మూసే గంట మోగింది. గంట ఆగగానే తలుపు దానంతటదే మూసుకుంటుంది, మనిషి చెప్తే ఆగదు. మా ఆయన జేబులోంచి నా పసుపుపచ్చ చీర పేలిక తీసి, "ఇప్పుడే వస్తా" అని పక్కనున్న ఎవరితోనో అని, లోపలికి దూరాడట. ఆ పక్కనున్నతను ఎవరితోనో కాటా తూకం గొడవలో పడి మర్చిపోయాడు. అరగంట తర్వాత నేను అన్నం క్యారేజీ తీసుకొచ్చి, మా ఆయన ఏడని అడిగితే అందరూ చుట్టూ చూశారు. ఆ తర్వాత అద్దంలోకి చూశారు.

ఒక కాలు గాల్లో, ఒక చెయ్యి ముందుకి చాచి, మా ఆయన పరిగెడుతూ ఆగిపోయి ఉన్నాడు.

"ఇప్పుడే తెరిచేద్దాం" అంది కరుణ వెంటనే. ఆ మాట కోసం ఆవిడ మీద నాకిప్పటికీ గౌరవం. కానీ తెరిస్తే ఆ సరుకు కొనేవాడు లేడు, ఐసు ఫ్యాక్టరీలు కూడా ఆ రోజుతో మూసేశారు. అరవై ఇళ్ళ పంట గొయ్యి తీసి పూడ్చాలి. తెరవమని ఎవరూ అనలేదు, వద్దనీ ఎవరూ అనలేదు. అందరూ నా వైపు చూశారు. అలా చూస్తే నేనేమనగలను? ఆర్నెల్లలో ఓడలు తిరుగుతాయని అప్పుడందరూ అంటున్నారు. ఆర్నెల్లంటే ఆయనకి ఐదు సెకన్లు.

మా అత్తయ్య అద్దం మీద చెయ్యి పెట్టి, "వాడికి ఆకలి కూడా వెయ్యదు కదమ్మా?" అని కరుణనడిగింది.

"వెయ్యదండి."

"అయితే ఉండనీ" అంది అత్తయ్య. నేనూ ఉండనీయమన్నాను.

ఆర్నెల్లు ఏడాదైంది. సముద్రం దారి తెరుచుకునేసరికి కొనే దేశం పన్ను పెంచింది. పన్ను తగ్గేసరికి రొయ్యలో ఏదో మందు ఆనవాలుందని వెనక్కి పంపడం మొదలుపెట్టింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఊరు నెమ్మదిగా చేపలకీ, వరి ఊడ్పులకీ మళ్ళింది. నేను చెప్పిన జాగ్రత్తలు ఇప్పుడు అందరికీ కంఠతా వచ్చు.

సాయంత్రం పూట అద్దం ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడం నాకలవాటైంది. ఆయన ఒక అడుగు వేయడానికి మూడు వారాలు పట్టేది. రెప్ప వేసి తీయడానికి పదిరోజులు. రెప్ప మూసుకున్న ఆ రోజుల్లో నాకు ఇంట్లో తోచేది కాదు. వెళ్ళి చూసినా కళ్ళు కనపడవు గదా అనిపించేది. నా పేలిక కట్టడానికి ఏడాది పైనే పట్టింది. నిజం చెప్పాలంటే ఆ ఏడాది నేను సంతోషంగానే ఉన్నాను. ఏ మొగుడు పెళ్ళాం చీర ముక్కని ఏడాదిపాటు అంత శ్రద్ధగా చేతుల్లో పెట్టుకున్నాడు?

తర్వాత ఏళ్ళ తరబడి ఊరికి మంచి కాలక్షేపమైంది. మా ఆయన, ఎవరూ చూడట్లేదనుకుని, ఆఖర్న చేరి నేలమీదే ఉన్న మా క్రేట్లని ఒక్కొక్కటీ ఎత్తి విస్సంరాజు గారి క్రేట్ల మీద పెట్టడం మొదలుపెట్టాడు. పైనున్నవాళ్ళ ఐసు నీళ్ళు కిందివాళ్ళ సరుకు మీద కారతాయి గదా. ఊరంతా ఏళ్ళకేళ్ళు ఆ దొంగతనాన్ని తీరిగ్గా చూసింది. విస్సంరాజు గారు నాతో మాటలు మానేశారు. "తెలిసిన మనిషే ఇలా చేస్తే ఎలాగమ్మా" అని మూడో ఏట ఎదురుపడి అడిగారు. నేను క్షమాపణ చెప్పాను. తప్పు చేసినవాడు ఇంకా నడుం ఎత్తనేలేదు.

బయట నా బతుకు ఏ లెక్కలోకి వస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. పేరంటాలకి పిలవాలా వద్దా అని ఆడవాళ్ళు తర్జనభర్జన పడేవారు. మొగుడు ఉన్నాడు, పైగా అందరి మొగుళ్ళకన్నా పదిలంగా ఉన్నాడు. కానీ ఇంట్లో లేడు. పిలిచి, తాంబూలం ఇచ్చేటప్పుడు మాత్రం చేతిలో ఒక క్షణం ఆపేవారు. క్షణాలు ఆగడం నాకు తెలుసు కాబట్టి కనిపెట్టేదాన్ని. కొన్నాళ్ళకి వెళ్ళడం మానేశాను. ఇంట్లో నేనూ అత్తయ్యా ఒక గిన్నెడు వండుకుని, ఎవరి కంచం వాళ్ళం కడుక్కుని పడుకునేవాళ్ళం. మాట్లాడుకోవాల్సిందల్లా అద్దం దగ్గర చూసిందే.

ఐదో ఏట అత్తయ్య పోయింది. రెండురోజులు జ్వరం, అంతే.

కొడుకు కడసారి చూపు చూడాలని చుట్టాలు పట్టుబట్టారు. లోపలినుంచి అద్దం నల్లగా ఉంటుందని, పాడె అక్కడ గంటసేపు దించినా ఆయనకది రెప్పపాటులో వందో వంతు కూడా కాదని కరుణ చెప్పబోయింది.

"వాడికి కనపడకపోతే మానె, మా అక్కకి వాడు కనపడతాడు" అంది అత్తయ్య చెల్లెలు. ఆ మాటకి కరుణ పక్కకి తప్పుకుంది.

పాడె అద్దం ముందు దించారు. లోపల మా ఆయన క్రేటు సర్దుతూ, మూతి బిగించి, నవ్వాపుకుంటున్నాడు. కొడుకు బతికుండగా ఇంకొకరు తలకొరివి పెట్టకూడదని కొందరన్నారు, కోడలు పెట్టకూడదని ఇంకొందరన్నారు. చివరికి ఆవిడ చెల్లెలి కొడుకు పెట్టాడు. ఆ రాత్రి నుంచి ఇంట్లో నేనొక్కదాన్నే. ఆ ఏడాదంతా ఏడ్చాను. అన్నం వారుస్తూ, మైకు ముందు గొంతు సవరించుకుంటూ, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎక్కడ పడితే అక్కడ ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి ఆ దుఃఖం ఒకనాటికి అరిగిపోయింది.

పదో ఏడు దాటాక అడ్డంకులన్నీ తొలిగాయి. ఓడలు తిరిగాయి, ధర లేచింది. నేను మైకులో ఆ ధర చదివిన పొద్దున అంకె రెండుసార్లు చదివాను. ఇంక తెరుస్తారనుకున్నాను.

తెరవలేదు. వచ్చే నెల ఇంకా పెరుగుతుందన్నారు. వచ్చే నెల పెరిగింది, దాంతో ఆ పై నెల మీద ఆశ పుట్టింది. ఆశకి అంతుంటుందా? అప్పటికి గదిలో సరుకు లేకపోయినా బతకడం ఊరు నేర్చుకుంది. నేర్పింది నేనే. ఆ సరుకు ఇప్పుడు వాళ్ళకి పంట కాదు, పరపతి. పెళ్ళిచూపుల్లో "నిదానం గదిలో మాది నలభై క్రేట్లుందండి" అని చెప్పుకునేవారు. అలా ఇంకో రెండేళ్ళు పోయాయి.

నేనూ ఓర్చుకునేదాన్నేమో. ఆయన క్రేట్లు సర్దడం ముగించి, చేతులు దులుపుకుని, తిరిగి, చిరునవ్వుతో తలుపు వైపు నడక మొదలుపెట్టాడు. ఆ చిరునవ్వు చూస్తూ ఎన్నాళ్ళైనా కూర్చోగలను. కానీ పన్నెండో ఏడు వర్షాకాలంలో ఆ నవ్వు ఒక పక్కనుంచి తగ్గడం గమనించాను. మూసిన తలుపు చూశాడు. దీపావళికి కనుబొమలు దగ్గరికొచ్చాయి. క్రిస్మస్‌కి కరుణ నాతో కలిసి చూడ్డానికొచ్చింది. ఆవిడ జుట్టు సగం నెరిసింది. పెళ్ళి చేసుకోలేదు, కేంద్రం ఆవిడ గదుల పని ఎప్పుడో ఆపేసింది. ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం.

"కుమారీ, ఆయన నోరు తెరుస్తున్నాడు" అంది.

"అరవబోతున్నాడండి" అన్నాను.

కళ్ళు పెద్దవవుతున్నాయి. చెయ్యి తలుపు మీద బాదడానికి లేస్తోంది. పన్నెండేళ్ళలో ఆయన ఒక్క క్షణం కూడా బాధపడలేదని నాకున్న ఒకే ఒక్క ఊరట ఇప్పుడు పోతోంది. భయం మొదలైంది. ఇలాగే వదిలితే ఆ భయం ఇంకా ఏళ్ళు సాగుతుంది. నేను రోజూ వచ్చి దాన్ని చూడాలి.

సంఘం మీటింగులో లేచి, తెరవండని అడిగాను.

విస్సంరాజు గారికి అప్పటికి డెబ్బై దాటాయి. చెడ్డమనిషేం కాదు. "ఒక్క ఏడాది ఓపిక పట్టమ్మా. అవతల దేశంలో చెరువులకి తెగులొచ్చిందంటున్నారు, ధర రెట్టింపవుద్ది. ఏడాదంటే మీ ఆయనకి పది సెకన్లేగా" అన్నారు.

"ఆ పది సెకన్లూ ఆయన భయపడతాడండి. ఆ ఏడాదంతా నేను చూస్తాను."

"చూడ్డం మానెయ్యమ్మా" అన్నారు మెల్లగా. నిజంగా నా మేలు కోరే అన్నారు.

అందరినీ అద్దం దగ్గరికి తీసుకెళ్ళాను. చూశారు. తలలు దించుకున్నారు. ఒకరిద్దరు ఆడవాళ్ళు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. వెనక్కొచ్చి, తెరవాలనేవాళ్ళు చేతులెత్తమంటే అరవైలో తొమ్మిది చేతులు లేచాయి.

మర్నాడు పొద్దున మైకు ముందు కూర్చున్నాను. చేతిలో ఆ రోజు ధర ఉంది. ముందురోజు కన్నా ఎక్కువే. పన్నెండేళ్ళలో నేను ఒక్క అంకె తప్పు చదవలేదు. ఆ మైకులో దేవుడు అబద్ధమాడినా ధనకుమారి ఆడదని ఊరి నమ్మకం.

"ధర దిగింది" అని చదివాను. "మధ్యాహ్నానికి ఇంకా దిగుతుందంటున్నారు. అవతల నిలవలు ఎక్కువయ్యాయట."

మైకు ఆపేలోపే వీధిలో మోటారు సైకిళ్ళు మోగాయి. జాలి చేయలేని పని ఆ అబద్ధం అరగంటలో చేసింది. విస్సంరాజు గారు తాళంచెవి పట్టుకుని అందరికన్నా ముందొచ్చారు. తర్వాత నెలలో ధర నిజంగానే ఎగిరి, నా అబద్ధం బయటపడి, సగం ఊరు నాతో మాటలు మానేసింది. మైకు ఇంకెవరికో ఇచ్చారు. దానికి నాకు విచారం లేదు.

తలుపు తెరుచుకుంది. చల్లటి గాలీ, పచ్చి రొయ్యల వాసనా ఒక్కసారి బయటికొచ్చాయి. జనం లోపలికి పరిగెత్తారు. ఎవరి చీర పేలిక వాళ్ళు వెతుక్కుంటున్నారు. ఆ తోపులాటకి అడ్డం పడుతూ మా ఆయన బయటికొచ్చాడు. లేచిన చెయ్యి ఇంకా దించలేదు. ఆయాసపడుతున్నాడు. నేను దాచుకున్న ఫొటోల్లోకన్నా చిన్నవాడిలా ఉన్నాడు. ఇంకా ముప్పై ఒక్క ఏళ్ళే.

నన్ను చూసి ఆగాడు. మా అక్క కాస్త నా పోలికే.

"వదినగారా? మీరెప్పుడొచ్చారండి? కుమారి ఏది? చూడండి, లోపల మనిషుండగానే తలుపేసేశారు."

"నేనేనండి" అన్నాను.

గొంతు గుర్తుపట్టాడు. నా మొహం వైపు, నెరిసిన పాపిట వైపు చూశాడు. కరుణ వైపు చూశాడు. అగరొత్తి పొగ ఆయనా చూసినవాడే, చెప్పక్కర్లేదు. గుమ్మం దగ్గరే కూలబడ్డాడు.

"ఎన్నేళ్ళే?"

"పన్నెండు."

చెయ్యి పైకెత్తి నా చెంప తాకి, "ఒక్కదానివే ఉన్నావా?" అన్నాడు. ఈ మాట కోసమే బతికానేమో అనిపించింది. పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. ఇక నాకు ఒంటరితనం లేదనుకున్నాను.

ఆయన కళ్ళు తుడుచుకుని, నవ్వడానికి ప్రయత్నిస్తూ లేవబోయాడు.

"పద, ఇంటికెళ్దాం. పొద్దున చద్దన్నం పెడుతూ, మధ్యాహ్నం చేపల పులుసు చేస్తానంది అమ్మ. నేనెళ్ళేదాకా తినదు."

ఆయన బయటికొస్తే ఏమేం చెప్పాలో పన్నెండేళ్ళు మనసులో వరసగా పెట్టుకున్నాను. ఈ ఒక్కటీ పెట్టుకోలేదు. నాకది పాత విషయమైపోయింది. ఎలా చెప్పానో గుర్తులేదు గానీ, చెప్పాను.

ఆయన అరిచిన అరుపుకి లోపల క్రేట్లు లాగుతున్నవాళ్ళు కూడా ఒక క్షణం ఆగారు. తర్వాత మళ్ళీ కాటా దగ్గర పడ్డారు. ధర దిగుతోందని భయం కదా. వాళ్ళంతా పాడె మోసినవాళ్ళే. వాళ్ళకీ అది ఏడేళ్ళ నాటి మాట.

ఆయన నా భుజం మీద తల పెట్టి ఏడుస్తున్నాడు. పొద్దున అన్నం పెట్టిన తల్లి కోసం ఏడుస్తున్నాడు. నేను వీపు నిమురుతూ కూర్చున్నాను. ఆయనతో కలిసి ఏడవాలని ఎంత ప్రయత్నించినా నాకు కన్నీళ్ళు రాలేదు. ఆ ఏడుపు నేను ఎప్పుడో ఏడ్చేశాను. ఆయన ఒక్కడే ఏడవాలి.